పదేళ్లు దాటిన లగ్జరీ బండిని దూర ప్రయాణానికి ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోవడం ఎలా

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఇళ్ల ముందు షెడ్లలో పాత బెంజ్ ఎంఎల్‌లు, బీఎండబ్ల్యూ ఎక్స్5లు, ఆడి క్యూ7లు బాగానే కనిపిస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గానే దొరుకుతాయి. కాకపోతే బండి ధర పడిపోయిందని దాని సామాన్ల ధర పడిపోదు. అందుకే దారిలో ఆగిపోయాక బాగుచేయించడం కంటే, బయల్దేరే ముందు ఇంటి దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చోవడం చాలా తక్కువలో తేలిపోతుంది.

ఈ డీజిల్ ఇంజన్లు సరిగా చూసుకుంటే రెండు లక్షల కిలోమీటర్లు దాటినా తేలిగ్గానే లాగుతాయి. మన డెల్టాలో వీటిని దెబ్బతీసేది తిరిగిన దూరం కాదు, నీరు. వానలో, ఉప్పుగాలిలో, డీజిల్‌లో, బ్రేక్ ఆయిల్‌లో, ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి తిత్తుల మీద బండిని నిలిపే ఏర్పాటు) గొట్టాల్లో ఎక్కడో ఓ చోట తేమ చేరుతూనే ఉంటుంది. కాబట్టి ఇంజన్ ఆయిల్‌తో మొదలుపెట్టే అలవాటు పక్కన పెట్టి, ముందు నీళ్ల సంగతి చూడండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏమేం కావాలి

ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టండి. ఏదైనా సామాను కావాలంటే విజయవాడ, హైదరాబాద్, చెన్నైల నుంచి తెప్పించుకోవాలి. అది వచ్చాక బిగించి, వారం రోజులు ఊళ్లో తిప్పి చూసుకునే వ్యవధి ఉండాలి. సంక్రాంతి ముందు వారంలో పని పెట్టుకుంటే షెడ్డులో మెకానిక్ దొరకడు, కొరియరూ రాదు.

సామాన్లు: 3 టన్నుల ట్రాలీ జాకీ ఒకటి, అదే బరువు మోసే స్టాండ్లు రెండు, 200 న్యూటన్ మీటర్ల దాకా చూపించే టార్క్ రెంచి, మల్టీమీటర్, టార్క్స్ బిట్ల సెట్టు. జర్మన్ బండ్లలో మామూలు పానాలు పట్టని నక్షత్రం తల బోల్టులు చాలా ఉంటాయి, అవి లేకుండా పనిలోకి దిగితే బోల్టు తల అరిగిపోతుంది. స్కానర్ కూడా కావాలి. ఐదారొందలకు దొరికే బ్లూటూత్ ముక్క ఇంజన్ కోడ్లు మాత్రమే చదువుతుంది. ఎయిర్ సస్పెన్షన్, గేర్‌బాక్స్, ఏబీఎస్ కోడ్లు చదవాలంటే మీ బండి కంపెనీకి పనిచేసేదే తీసుకోవాలి. ఆడికైతే వీసీడీఎస్ మంచిది.

ఈ బండ్లు రెండు టన్నులకు పైనే తూగుతాయి. రేగడి నేల మీద జాకీ పెడితే చక్రం లేచే లోపు జాకీయే దిగబడిపోతుంది. సిమెంటు గచ్చు లేకపోతే కింద మందపాటి టేకు పలక వేయండి. ఇటుకల మీద నిలబెట్టి కిందకు దూరొద్దు, ఇటుక చెప్పాపెట్టకుండా పగిలిపోతుంది.

సన్‌రూఫ్ కాలువలు, కార్పెట్ కింద తడి

సన్‌రూఫ్ నీళ్లను పూర్తిగా ఆపదు. దాని చుట్టూ ఉన్న గాడిలో పడిన నీరు నాలుగు మూలల్లోని సన్న గొట్టాల గుండా కిందకు పోవాలి. కొబ్బరి పూత పొట్టు, వేపాకు, దుమ్ము కలిసి ఆ గొట్టాలను మూసేస్తే నీళ్లు లోపలికి దిగి కార్పెట్ కింద నిలుస్తాయి. అక్కడే కంప్యూటర్ మాడ్యూళ్లు, వైరు జాయింట్లు ఉంటాయి. పాత ఎక్స్5లో డిక్కీ అడుగునే బ్యాటరీ, దాని పక్కన మాడ్యూళ్లు ఉంటాయి, తెలియకుండానే అక్కడ చిన్న చెరువు తయారవుతుంది. ‘ఎలక్ట్రికల్ ప్రాబ్లం’ పేరుతో వేలకు వేలు పోసే కేసుల్లో చాలావాటికి మూలం ఈ పొట్టే.

సన్‌రూఫ్ తెరిచి ఒక్కో మూలలో పావు లీటరు నీళ్లు నెమ్మదిగా పోయండి. అర నిమిషంలో చక్రాల దగ్గరో డోరు కింద అంచు దగ్గరో ధారగా కారాలి. కారకపోతే గడ్డి కోసే మిషన్లో వాడే నైలాన్ తీగను కొస గుండ్రంగా కాల్చి, మెల్లగా లోపలికి తోయండి. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టొద్దు. లోపల గొట్టం జాయింటు ఊడిపోతే దాన్ని మళ్లీ తగిలించడానికి రూఫ్ లైనింగ్ మొత్తం దించాల్సి వస్తుంది.

తర్వాత బానెట్ ఎత్తి, అద్దం కింద వైపర్ల దగ్గరున్న గాడిలో ఆకులు తీసేయండి. దానికీ అడుగున నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. చివరగా నలుగురు కూర్చునే చోట్లా కార్పెట్ మీద పాత న్యూస్‌పేపర్ పరిచి, పైన మోకాలు ఆనించి గట్టిగా నొక్కండి. కాగితం తడిస్తే కార్పెట్ ఎత్తి, కింద ఫోమ్ పూర్తిగా ఆరేదాకా ఫ్యాను పెట్టాలి. మన ఉక్కపోతలో దానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. పైపైన ఆరింది కదా అని మూసేస్తే వారంలో ముక్కిన వాసన మొదలవుతుంది.

బ్యాటరీ, ఎర్త్ వైర్లు, ఎలుకలు

రాత్రంతా కదపని బండిలో పొద్దున్నే మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.6 వోల్టులు, అంతకంటే ఎక్కువుంటే బాగున్నట్టు. 12.4 అయితే ఛార్జర్ పెట్టాలి. 12.2 అంటే సగం ఖాళీ. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. అంతకంటే తక్కువైతే ఆల్టర్నేటర్ సంగతి చూడాలి. ఈ బండ్లలో వోల్టేజీ కాస్త పడినా గేర్‌బాక్స్, సస్పెన్షన్, స్టీరింగ్ హెచ్చరికలన్నీ ఒకేసారి వెలుగుతాయి. అలాంటప్పుడు భయపడి మాడ్యూళ్లు మార్చేయకుండా ముందు బ్యాటరీ చూడండి.

క్యూ7లో, ఎంఎల్‌లో బ్యాటరీ ముందు సీటు కింద ఉంటుంది. అంటే మనుషులు కూర్చునే చోటే. కాబట్టి ఏజీఎం రకమే వేయాలి, దానికి ఉన్న సన్న గాలి గొట్టాన్ని తప్పకుండా తగిలించాలి. ట్రాక్టరుకు వేసే రకం పెడితే ఆ ఆవిరి లోపలే తిరుగుతుంది. ఎక్స్5లో కొత్త బ్యాటరీ వేశాక స్కానర్‌తో రిజిస్టర్ చేయకపోతే, పాతదే ఉందనుకుని బండి దాన్ని అలాగే ఛార్జి చేస్తుంది, కొత్తదీ త్వరగా పోతుంది.

బండి నాలుగు రోజులు నిలబెడితే స్టార్ట్ కావట్లేదా? లాక్ చేసి 40 నిమిషాలు ఆగి, బ్యాటరీ నెగటివ్ వైరు చుట్టూ డీసీ క్లాంప్ మీటర్ పెట్టండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు రావాలి. ఎక్కువ వస్తే ఫ్యూజులు ఒక్కోటి తీస్తూ ఏది తీస్తే పడిపోతుందో చూడాలి. పని చేసేముందు బానెట్, డోరు గొళ్లేలను స్క్రూ డ్రైవర్‌తో మూసి ఉన్నట్టు పెట్టుకోండి, లేకపోతే బండి నిద్రలోకే పోదు.

అంతర్వేది, నరసాపురం, ఉప్పాడ వైపు ఉప్పుగాలికి ఇంజన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ వైర్లు పచ్చగా తుప్పు పడతాయి. బోల్టు విప్పి, ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాయండి. రూపాయి ఖర్చులేని పని, సగం వింత జబ్బులు దీంతోనే పోతాయి.

ఇక ఎలుకలు. సార్వా, దాళ్వా కోతలప్పుడు చేను ఖాళీ కాగానే అవి షెడ్లలోకి చేరతాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి చూడండి, గడ్డి, వడ్లు, కొబ్బరి పీచు కనపడితే లోపల కాపురం ఉన్నట్టే. ఇంజన్ మీది ప్లాస్టిక్ కవర్ కింద, ఇంజెక్టర్ వైర్ల వెంట కొరుకుళ్లు వెతకండి. మందు ముక్కలు బానెట్లో పెట్టొద్దు. చచ్చిన ఎలుక ఏసీ బ్లోయరులో ఇరుక్కుంటే డాష్‌బోర్డు విప్పాలి. గాలి లోపలికి పోయే మూతికి సన్న స్టీలు మెష్ కట్టడం, రెండు రోజులకోసారి బండి కదపడం మేలు.

ఆయిల్, కూలెంట్

కంపెనీ పుస్తకంలో ఎంత గడువున్నా, పాత డీజిల్ బండికి ఇంజన్ ఆయిల్ 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండికి బూడిద తక్కువ మిగిల్చే 5డబ్ల్యూ-30 వాడాలి. డబ్బా వెనక బెంజ్‌కైతే 229.51, బీఎండబ్ల్యూకి లాంగ్‌లైఫ్-04, ఆడికి 507.00 అని రాసి ఉండాలి. లారీకి పోసే 15డబ్ల్యూ-40 ధరలో మూడో వంతే ఉంటుంది, అది చూసి మనసు పారేసుకుంటే ఆ ఫిల్టర్ నిండిపోతుంది.

3 లీటర్ల వీ6 బెంజ్‌కు ఫిల్టర్‌తో కలిపి సుమారు ఎనిమిదిన్నర లీటర్లు పడుతుంది. పాత ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు దించి, ముందు ఏడున్నర పోసి, ఇంజన్ ఓ నిమిషం తిప్పి ఆపి, ఐదు నిమిషాలయ్యాక చూసుకుంటూ మిగతాది పోయండి. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేసి 30, ఫిల్టర్ మూతకు 25 న్యూటన్ మీటర్లు బిగించాలి. ఆ మూత ప్లాస్టిక్, చేతిబలం చూపిస్తే చీలిపోతుంది.

ఈ వీ6లో రెండు చోట్ల ఆయిల్ కారడం మామూలు. ఒకటి, టర్బో మూతి దగ్గర గాలి గొట్టానికి ఉండే రబ్బరు సీలు. అది గట్టిపడితే ఆయిల్ చుక్కలు కింద ఉన్న ఇన్‌టేక్ మోటారు మీద పడి దాన్ని చంపేస్తాయి. సీలు ధర చాలా తక్కువ, ఇంట్లోనే మార్చుకోవచ్చు. రెండోది పెద్ద పని. ఇంజన్ నడుమ లోయలో ఉన్న ఆయిల్ కూలర్ సీళ్లు పోతే, ఆయిల్ వెనక్కి జారి ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట చుక్కలుగా పడుతుంది. చూసినవాళ్లు వెనక ఆయిల్ సీలు పోయిందని గేర్‌బాక్స్ దించేస్తారు. దించనివ్వకండి. ముందు టార్చి వేసి ఇంజన్ పైనుంచి లోయలో చూడమనండి. మార్చేటప్పుడు తర్వాత వచ్చిన ఊదారంగు సీళ్లే వేయించండి.

కూలెంట్‌ను రంగు చూసి కొనొద్దు, బండి పుస్తకంలోని నంబరుతో డబ్బా మీది నంబరు సరిపోల్చండి. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. మన బోరు నీళ్లలో ఉప్పు రేడియేటర్‌నీ వాటర్ పంపునూ తినేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు మీద మార్కరుతో గీత గీసి, వారం తర్వాత అదే వేళకు చూడండి. తగ్గితే ఎక్కడో పోతున్నట్టే, నింపుకుంటూ బయల్దేరొద్దు. పదేళ్లు దాటాక ప్లాస్టిక్ ట్యాంకు పసుపుపడి అతుకు దగ్గర చీలుతుంది, గొట్టాల చివర్లు పెళుసవుతాయి. గొట్టాన్ని వేళ్లతో నొక్కితే కరకరమన్నా, మూతి దగ్గర ఉబ్బినా మార్చేయండి. ఫ్యాను బెల్టు లోపలి వైపు పగుళ్లు చూడండి. బెల్టుతోపాటు టెన్షనర్ కప్పీ కూడా చేత్తో తిప్పి వినాలి. గరగర వస్తే రెండూ కలిపే మార్చాలి.

డీజిల్, పొగ ఫిల్టర్

చెరువుల గట్ల మీద జనరేటర్ల కోసం డ్రమ్ముల్లో నిల్వ చేసిన డీజిల్ ఈ బండికి ఒక్క లీటరు కూడా పోయొద్దు. డ్రమ్ములో రాత్రి చల్లదనానికి పట్టిన చెమట అడుగున చేరుతుంది. కామన్ రైల్ పంపు, ఇంజెక్టర్లు డీజిల్‌తోనే నూనె పట్టించుకుంటాయి. నీళ్లు పోతే గంటల్లో గీసుకుపోతాయి. వరదలప్పుడు నీళ్లు నిలిచిన బంకులోనూ కొట్టించొద్దు. ఇంట్లో రోజుల తరబడి నిలబెట్టే బండిలో ట్యాంకు ముప్పావుకు తగ్గకుండా ఉంచితే లోపల చెమట పట్టే ఖాళీ తక్కువ.

డీజిల్ ఫిల్టర్ 20,000 కిలోమీటర్లకు మార్చండి. అడుగున నీళ్లు వదిలే మర ఉంటే, ప్రయాణానికి ముందు గాజు సీసాలోకి కొంచెం దించి గంటసేపు కదపకుండా పెట్టండి. అడుగున వేరే పొర కనపడితే నీళ్లే. కొత్త ఫిల్టర్ వేశాక వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు. ఇగ్నిషన్ నాలుగైదు సార్లు ఆన్ చేసి, ప్రతిసారి ఇరవై సెకన్లు ఆగితే ట్యాంకు పంపు గాలిని వెళ్లగొడుతుంది.

ఇంటి నుంచి చెరువుకు, చెరువు నుంచి బజారుకు మూడేసి కిలోమీటర్లు తిరిగే బండిలో మసి ఫిల్టర్ నిండుతుంది. అది కాల్చుకోవాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి. వారానికోసారి హైవే మీద 70-80 వేగంలో, ఇంజన్ 2,000 చుట్లకు తగ్గకుండా పాతిక నిమిషాలు తిప్పండి. ఆపినా ఫ్యాను గట్టిగా తిరుగుతోందంటే, ఐడిల్ కాస్త పెరిగిందంటే లోపల ఆ కాల్పు నడుస్తోందన్నమాట. ఇంకో పది నిమిషాలు తిప్పి రండి. తరచూ మధ్యలో ఆపేస్తే కాలని డీజిల్ కిందకు దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరుగుతూ, డీజిల్ వాసన వస్తుంటే ఆయిల్ మార్చేయాలి.

ఎయిర్ సస్పెన్షన్

సాయంత్రం బండి సమనేల మీద ఆపి, నాలుగు చక్రాల మధ్య బిందువు నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. పొద్దున్నే డోరు తెరవకుండా మళ్లీ కొలవండి. డోరు తీస్తే కంప్రెసర్ లేచి సరిచేసేస్తుంది, దొంగ దొరకడు. ఒక మూల సెంటీమీటరుకు మించి దిగితే అక్కడ లీకు. రెండు మూలలు కలిసి దిగితే తిత్తులకు గాలి పంచే వాల్వ్ బ్లాకునూ అనుమానించాలి.

సబ్బు నీళ్లు స్ప్రే చేసి రబ్బరు తిత్తి కింది మడతలో బుడగలు చూడండి. పగుళ్లు మొదలయ్యేది అక్కడే, ఎందుకంటే గట్ల మీది మట్టి ఆ మడతలోకి చేరి ఉప్పు కాగితంలా రాపాడుతుంది. నెలకోసారి మంచినీళ్లతో ఆ మడతలు కడగడం ఒక్కటే తిత్తికి ఇంకో రెండేళ్లు ఆయుష్షు.

చిన్న లీకే కదా అని వదిలేస్తే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది. కంప్రెసర్ పక్కన తేమ పీల్చే గుళికల డబ్బా ఉంటుంది. మన గాలిలో తేమకు అది తొందరగా తడిసిపోయి, నీళ్లు వాల్వుల్లోకి చేరతాయి. కంప్రెసర్ మార్చేటప్పుడు ఆ గుళికలు, రిలే రెండూ కొత్తవి వేయండి. పాత రిలే అతుక్కుపోతే కొత్త కంప్రెసరూ ఒక్క రాత్రిలో పోతుంది.

జాకీ వేసేముందు సస్పెన్షన్ ఆపు చేసే మోడ్ ఉంటే అందులో పెట్టండి. తిత్తుల బలం మీద లేచి ఉన్న బండి కిందకు ఎన్నడూ దూరొద్దు. ఏ క్షణాన్నైనా జానెడు దిగిపోగలదు.

చక్రాలు, బ్రేకులు

టైరు గోడ మీది చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే గాట్లు ఎంత ఉన్నా దూర ప్రయాణానికి పనికిరాదు. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. రెండు కొత్తవి, రెండు పాతవి వేస్తే చుట్టుకొలత తేడాకు, ముందు వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు రాత్రింబగళ్లు లాగులాడి అరుగుతుంది. గాలి, డోరు దగ్గర స్టిక్కర్ మీద నిండు లోడుకు రాసినంత, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు.

నాలుగు చక్రాలనూ ఇంటి దగ్గర ఒకసారి విప్పి బిగించండి. ఉప్పుగాలికి అల్లాయ్ వీల్ హబ్బుకు అతుక్కుపోతుంది. అర్ధరాత్రి సూర్యాపేట దగ్గర పంక్చరైతే బోల్టులన్నీ విప్పినా చక్రం రాదు, తన్నాల్సి వస్తుంది. హబ్బు అంచున తుప్పు గీకి పలచగా యాంటీ సీజ్ (అతుక్కుపోకుండా రాసే గ్రీజు లాంటిది) రాయండి, బోల్టుల మరలకు మాత్రం రాయొద్దు. ఎంఎల్‌కు 150, ఎక్స్5కు 140 న్యూటన్ మీటర్ల బిగువు. లాకింగ్ బోల్టు తాళం డాష్‌బోర్డు అరలో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. క్యూ7లో మడిచి పెట్టిన స్టెప్నీ ఉంటుంది, దానికి గాలి కొట్టే చిన్న కంప్రెసర్ పనిచేస్తోందా అన్నదీ ఇంట్లోనే తేల్చుకోవాలి.

చక్రం తీసినప్పుడే బ్రేకు ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే మార్చి, సెన్సర్ వైరు కొత్తది వేయండి. కాలిపర్ పిన్నులు చేత్తో జరగాలి. బ్రేక్ ఆయిల్ తేమను పీలుస్తుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలకు గానీ మరగదు. తేమ నిండాక ఆ హద్దు 155కు పడిపోగలదు. మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్‌లో పెడల్ మెత్తబడేది అందుకే. రెండేళ్లకోసారి లీటరు ఆయిల్‌తో మొత్తం మార్చాలి. మూత తీసి పెట్టిన పాత డబ్బా వాడొద్దు.

మూతి కడగడం

కోతల తర్వాత ఏసీ కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య ఊక, పురుగులు, దుమ్ము దట్టంగా పేరుకుంటాయి. ఊళ్లో తెలియదు, మేలో హైవే మీద ఏసీ వేస్తే వేడి ముల్లు లేస్తుంది. గ్రిల్ విప్పి, వెనక నుంచి ముందుకు సన్న ధారతో కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా కొడితే రెక్కలు వంగిపోతాయి. బండి అడుగు కడగడానికి పంటకాలవ నీళ్లు మంచివి, రొయ్యల చెరువుల ఉప్పు నీళ్లు వద్దు. రొయ్యల లారీల నుంచి రోడ్డు మీద కారిన ఉప్పు నీళ్లను కడగబోయి మళ్లీ ఉప్పు నీళ్లే కొట్టినట్టవుతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక పంచాయతీ కుళాయి నీళ్లే గతి.

ఇంట్లో ముట్టుకోకూడనివి

ఇంజెక్టర్ల ఉక్కు గొట్టాలు ఇంజన్ నడుస్తుండగా వదులు చేయొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. ఎయిర్‌బ్యాగ్ వైర్లు, ఏసీ గ్యాసు కూడా అంతే. గేర్ ఆయిల్ ‘లైఫ్‌టైమ్’ అని రాసినా, 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమని గేర్‌బాక్స్ తయారీదారు జెడ్ఎఫ్ తన గేర్‌బాక్స్‌లకు చెబుతుంది. అయితే దాని మట్టం ఆయిల్ నిర్దిష్ట వేడిలో ఉండగా, ఇంజన్ నడుస్తుండగా చూడాలి. ర్యాంపు, స్కానర్ ఉన్న షెడ్డుకే వదిలేయండి.

తిప్పి చూడటం

బయల్దేరడానికి వారం ముందు, తాడేపల్లిగూడెం దగ్గర 16వ జాతీయ రహదారి ఎక్కి రావులపాలెం దాకా వెళ్లి రండి. ఏసీ వేసి, ప్రయాణంలో ఉండేంత మందిని ఎక్కించుకునే తిప్పండి. తిరిగొచ్చాక గంట ఆగి కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచండి. ఏసీ నీళ్లు తప్ప ఇంకేదీ అట్ట మీద పడకూడదు. చక్రం బోల్టులు మళ్లీ టార్క్ రెంచితో చూడాలి, స్కానర్‌లో కొత్త కోడ్లు చదవాలి.

డిక్కీలో లీటరు అదే గ్రేడు ఆయిల్, రెండు లీటర్లు కలిపిన కూలెంట్, ఫ్యూజులు, ఒక రిలే, గొట్టం క్లిప్పులు నాలుగు, టార్చి పెట్టుకోండి. రోడ్డు మీద ఆరబోసిన గడ్డి మీదుగా వెళ్లాల్సి వస్తే దాటగానే ఆగి కిందకు వంగి చూడండి. మసి ఫిల్టర్ వేడికి ప్రొపెల్లర్ షాఫ్టుకు చుట్టుకున్న ఎండుగడ్డి అంటుకుంటుంది. 216వ జాతీయ రహదారి మీద వాన నీళ్లు చక్రం సగానికి మించి కనిపిస్తే దిగొద్దు. దిగాక ఇంజన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకుండా తోసుకుంటూ బయటకు తెచ్చి, ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. అది తడిసి ఉంటే సిలిండర్లలో నీళ్లున్నట్టే, లారీ మీద ఎక్కించి షెడ్డుకు పంపాలి.